చట్టవాదులు మనిషిని చెడ్డవాడన్నారా? హాన్ ఫెయ్, షాంగ్ యాంగ్ అసలు చెప్పిందేమిటి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా ఒకసారి చెబుతాను. ప్రాచీన చైనాలోని హాన్ ఫెయ్, షాంగ్ యాంగ్ వంటి లీగలిస్టులు, అంటే చట్టవాదులు, మనిషి పుట్టుకతోనే చెడ్డవాడని నమ్మారనీ, అందుకే కఠిన శిక్షలతో పాలించమన్నారనీ, ఆ కాఠిన్యం వల్లనే చైనాను మొదట ఏకం చేసిన చిన్ సామ్రాజ్యం 15 ఏళ్లకే కూలిపోయిందనీ ఒక పోటీ పరీక్షల గైడులో చదివారు. ఇది ఎంతవరకు నిజమో, మన కౌటిల్యుడి దండనీతి కూడా ఇటువంటిదేనో చెప్పమన్నారు.

సూటిగా జవాబు చెబుతాను. మనిషి స్వభావం చెడ్డదని వాదించినవాడు షున్‌జి. ఆయన కన్ఫ్యూషియస్ మార్గానికి చెందినవాడు, చట్టవాది కాడు. చట్టవాదులు చెప్పింది అంతకంటే చిన్న మాట. మనిషికి ఇష్టాలూ అయిష్టాలూ ఉంటాయి, లాభం కనిపించిన వైపు నడుస్తాడు, నష్టం ఉన్నచోట వెనక్కు తగ్గుతాడు, కాబట్టి రాజ్యాన్ని ఈ పునాది మీదనే కట్టుకోవాలి అన్నారు. ఈ గుణాన్ని వారు దోషంగా చూడలేదు, పాలకుడి చేతికి దొరికే పిడిగా చూశారు. శిక్షల కాఠిన్యం మాత్రం నిజమే, దానిని నేను తక్కువ చేసి చెప్పబోవడం లేదు. అయితే అది ఏ ఆలోచన నుంచి పుట్టిందో తెలిస్తే తప్ప చిన్ పతనం కూడా సరిగ్గా అర్థం కాదు.

నేను ఇరవై ఏళ్లకు పైగా పీజీ తరగతులకు ప్రాచీన ఆసియా రాజనీతి చింతనను బోధిస్తున్నాను. మొదటి నాలుగైదేళ్లు నేనూ బోర్డు మీద 'స్వభావం చెడ్డది, కనుక చట్టం కఠినం' అని రాసి పాఠం మొదలుపెట్టేవాడిని. ఒక ఏడాది ఒక విద్యార్థిని లేచి, "హాన్ ఫెయ్ ఈ మాట ఏ అధ్యాయంలో అన్నారండీ?" అని అడిగింది. వచ్చే వారం చెబుతానని, ఆయన గ్రంథంలోని 55 అధ్యాయాలనూ ఆ మాట కోసమే మళ్లీ చదివాను. స్వార్థం గురించి, లాభం గురించి, భయం గురించి పుటలకు పుటలు ఉన్నాయి. 'మనిషి స్వభావం చెడ్డది' అన్న వాక్యం ఎక్కడా లేదు. తరువాతి తరగతిలో ఆ సంగతి చెప్పి, పాఠాన్ని మొదటి నుంచి మార్చి చెప్పాను. మీకు రాస్తున్నది ఆ మార్చిన పాఠమే.

ముందు వాదం ఎక్కడ మొదలయిందో చూడాలి. క్రీ.పూ. నాలుగో శతాబ్దంలో, కన్ఫ్యూషియస్ మార్గానికే చెందిన మెన్షియస్ ఒక దృశ్యం చూపించాడు. పసిబిడ్డ బావిలో పడబోతోంది, చూసినవాడు ఎవరైనా సరే ఒక్కసారి ఉలిక్కిపడతాడు. తల్లిదండ్రుల మెప్పు కోసమో, ఊళ్లో పేరు కోసమో కాదు, ఆ కలవరం దానంతట అదే పుడుతుంది. మంచితనపు మొలక మనిషిలో ముందే ఉందనడానికి ఆయన చూపిన సాక్ష్యం అదే. తరువాతి శతాబ్దంలో షున్‌జి దీనిని ఖండించి, స్వభావం చెడ్డదనీ, మంచితనం మనిషి పూనుకొని చేసుకున్నదనీ అన్నాడు. వంకర కర్రను ఆవిరి పట్టి, బిగించి వంచితేనే తిన్ననవుతుందన్నది ఆయన ఉపమానం. ఆ తరువాత ఆయన చెప్పిన మాటను గైడులు వదిలేస్తాయి. వీధిలో నడిచే ఏ మనిషైనా సాధన చేస్తే పురాణ చక్రవర్తి యూ అంతటివాడు కాగలడని కూడా షున్‌జియే అన్నాడు. అంటే స్వభావం చెడ్డదన్న ఈయనే మనిషి మారతాడని గట్టిగా నమ్మాడు. గురువు, శాస్త్రం, మర్యాద, సంగీతం, ఇవన్నీ ఆ మార్పు కోసమే.

హాన్ ఫెయ్, తరువాత చిన్ మంత్రి అయిన లీ స్సు ఇద్దరూ షున్‌జి శిష్యులని చరిత్రకారుడు సిమా చియెన్ రాశాడు. గురువు నుంచి శిష్యులకు ఆ సిద్ధాంతం సూటిగా దిగివచ్చిందని అందరూ అనుకోవడానికి ఆ వాక్యమే కారణం. నిజానికి శిష్యుడు గురువు ప్రశ్ననే పక్కన పెట్టాడు. మనిషిని మార్చవచ్చా లేదా అన్నది హాన్ ఫెయ్‌కు అవసరమైన ప్రశ్న కాదు. ఉన్న మనిషితో, ఈ ఏడాది, ఈ పంటతో, ఈ సైన్యంతో రాజ్యం నడవాలి. ఆయన వాక్యం ఇలా సాగుతుంది: లోకాన్ని పాలించాలంటే మనుషుల సహజ ప్రవృత్తిని అనుసరించాలి, ఆ ప్రవృత్తిలో ఇష్టాయిష్టాలు ఉన్నాయి, కాబట్టే బహుమతీ శిక్షా పనికొస్తాయి. షాంగ్ యాంగ్ పేరు మీద ఉన్న గ్రంథంలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. ఆకలేస్తే తిండి వెతకడం, అలసిపోతే విశ్రాంతి కోరడం, కష్టంలో సుఖాన్ని, అవమానంలో గౌరవాన్ని ఆశించడం ప్రజల స్వభావమని అది చెబుతుంది. సంపద మీద ఆశ శవపేటిక మూత పడేదాకా ఆగదని కూడా అంటుంది. ఇందులో ఎక్కడా అసహ్యం లేదు, నీరు పల్లానికి పారుతుందని రైతు చెప్పినట్లుగానే ఉంటుంది.

ఈ ధోరణికి అందరికంటే స్పష్టమైన రూపం ఇచ్చినవాడు మరొక చట్టవాది షెన్ దావ్. ప్రతివాడూ తన కోసమే పని చేస్తాడనీ, అతన్ని మార్చి నీ కోసం పని చేయించాలని చూస్తే పనికొచ్చేవాడు ఒక్కడూ దొరకడనీ ఆయన అన్నాడు. జీతం పుచ్చుకోనివాడిని పూర్వపు రాజులు కొలువులో పెట్టుకోలేదట. త్యాగి అంటే మనకు గౌరవం, షెన్ దావ్‌కు అనుమానం, ఎందుకంటే అతన్ని పట్టుకోవడానికి పిడి లేదు. ఆయనదే మరొక పోలిక నాకు చాలా ఇష్టం. ఆస్తిని చీట్లు వేసి పంచుకుంటారు, గుర్రాలను పుల్లలు తీసి పంచుకుంటారు. చీటీకి తెలివి ఉండి కాదు, మంచి వాటా వచ్చినవాడు ఎవరికీ కృతజ్ఞత చెప్పనక్కరలేదు, చెడ్డ వాటా వచ్చినవాడికి ఎవరి మీదా కక్ష పుట్టదు. అన్నదమ్ములు పొలం పంచుకునేటప్పుడు పెద్దమనుషులు చీట్లు ఎందుకు వేయిస్తారో చూసినవారికి దీనికి వేరే వ్యాఖ్యానం అక్కరలేదు. చట్టవాదులు 'ఫా' అన్న మాటను వాడింది ఈ అర్థంలోనే. మనం దానిని 'చట్టం' అని అనువదిస్తాం గాని, అందులో తక్కెడ, కొలబద్ద, వృత్తలేఖిని, పని పద్ధతి, ప్రమాణం అన్నీ ఉన్నాయి. మనిషి ముఖం చూడకుండా పనిచేసేది ఏదైనా ఫాయే.

ఇక హాన్ ఫెయ్ దగ్గరకు వస్తే, ఆయన హాన్ రాజ్యపు రాజకుమారుడు. ఈ హాన్ వేరు, తరువాతి హాన్ వంశం వేరు, చైనా లిపిలో రెండూ వేర్వేరు అక్షరాలు. మాట్లాడితే నత్తి వచ్చేదనీ, రాస్తే మాత్రం అద్భుతంగా రాసేవాడనీ సిమా చియెన్ చెబుతాడు. బండ్లు చేసేవాడు మనుషులు ధనవంతులు కావాలని కోరుకుంటాడు, శవపేటికలు చేసేవాడు మనుషులు చావాలని కోరుకుంటాడు. మొదటివాడు దయాళువనీ రెండోవాడు క్రూరుడనీ అనడం తప్పంటాడు హాన్ ఫెయ్. మనుషులు ధనవంతులు కాకపోతే బండి అమ్ముడుపోదు, చావకపోతే పేటిక అమ్ముడుపోదు, అంతే. యజమాని కూలివాడికి మంచి భోజనం పెట్టి మంచి కూలి ఇచ్చేది ప్రేమతో కాదు, నాగలి లోతుగా దిగాలని. కూలివాడు చెమటోడ్చేదీ యజమాని మీద ప్రేమతో కాదు. ఇద్దరి లెక్కా కుదిరినప్పుడు, సంబంధం లేని ఆ ఇద్దరి మధ్య తండ్రీకొడుకుల మధ్య ఉండేటంత సఖ్యత ఏర్పడుతుందంటాడు. నేను తరగతిలో ఈ భాగం చదివి వినిపించినప్పుడు పిల్లలు మొదట నొచ్చుకుంటారు, కాసేపటికి తమ ఇళ్లలోని కౌలు ఒప్పందాల గురించి చెప్పడం మొదలుపెడతారు.

ఆయనదే మరొక ఉపమానం పట్టుపురుగు. గొంగళిపురుగును చూస్తే ఒళ్లు జలదరిస్తుంది, పట్టుపురుగు అచ్చం దానిలాగే ఉంటుంది, అయినా ఆడవాళ్లు దానిని చేత్తో ఎత్తుతారు. లాభం ఉన్నచోట అందరూ ధైర్యవంతులే. హిందూపురం వైపు పట్టుపురుగుల తట్టలు ఉన్న ఇళ్లలో, పదేళ్ల పిల్ల కూడా ఆ పురుగులను అరచేతిలో పోసుకొని మల్బరీ ఆకు మీదకు మార్చడం నేను చూశాను.

మనిషి స్వభావం ఒకేలా ఉన్నా, నడవడిక పరిస్థితిని బట్టి మారుతుందని కూడా ఆయన చెప్పాడు. ఇది చాలామంది గమనించని సంగతి. కరువు ఏడాది వసంతంలో సొంత తమ్ముడికి కూడా అన్నం పెట్టరు, పంట పండిన ఏడాది శరత్తులో ముక్కూమొగమూ తెలియని అతిథికి కూడా పెడతారు. రక్తసంబంధం మీద ద్వేషమూ కాదు, పరాయివాడి మీద ప్రేమా కాదు, గాదెలో గింజల తేడా అంటాడు. పూర్వం జనం తక్కువ, కాయా పండూ పుష్కలం, కాబట్టి కొట్లాటలు లేవు. ఒక్కొక్కరికి ఐదుగురు కొడుకులు, వారికి ఐదుగురేసి అనుకుంటే, తాత బతికి ఉండగానే 25 మంది మనవళ్లు. నాటి నీతి నేటికి చాలకపోవడానికి కారణం ఆ జనాభాయే గాని మనుషులు చెడిపోవడం కాదు. స్వభావం పుట్టుకతోనే చెడ్డదని నమ్మినవాడు ఇలా రాయడు.

మరి మంచివారు లేరా? ఉన్నారు, చాలరు. ఇదీ హాన్ ఫెయ్ అసలు వాదం. తానుగా తిన్నగా పెరిగిన వెదురు కోసం చూస్తే నూరు తరాలైనా బాణం దొరకదు, తానుగా గుండ్రంగా పెరిగిన చెట్టు కోసం చూస్తే వేయి తరాలైనా చక్రం దొరకదు. అయినా లోకం బండ్లెక్కి తిరుగుతూనే ఉంది, బాణాలు వేస్తూనే ఉంది, ఎందుకంటే తిన్నచేసే పనిముట్లు ఉన్నాయి. కన్ఫ్యూషియస్ అంతటివాడికి మనస్ఫూర్తిగా లొంగి వెంట నడిచినవారు 70 మందే అని ఆయన గుర్తు చేస్తాడు. 70 మందితో ధర్మసభ నడుస్తుంది, రాజ్యం నడవదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక చెప్పాలి. 'చట్టవాదులు ప్రజలను నమ్మలేదు' అని పుస్తకాలు రాస్తాయి. హాన్ ఫెయ్ గ్రంథంలో అనుమానమంతా ఎవరి మీద ఉందో లెక్కపెట్టుకుంటూ చదివితే, అధికభాగం మంత్రుల మీద, అంతఃపురం మీద, రాయబారుల మీద, పైరవీకారుల మీద కనిపిస్తుంది. రాజు చేతిలో శిక్ష, బహుమతి అనే రెండు పిడులు ఉంటాయి. పులి కుక్కను లొంగదీసేది గోళ్లతో, కోరలతో. ఆ గోళ్లూ కోరలూ కుక్కకు అరువిస్తే పులే కుక్కకు లొంగుతుంది. హాన్ రాజ్యాన్ని ఏలిన జావ్ ప్రభువు కథ ఈ రెండు పిడుల అధ్యాయంలోనే ఉంది. ప్రభువు తాగి నిద్రపోయాడు. కిరీటాన్ని చూసుకునే సేవకుడు ఆయనకు చలేస్తుందని పైన వస్త్రం కప్పాడు. ప్రభువు లేచి సంతోషించి, ఎవరు కప్పారని అడిగి, సంగతి తెలిశాక ఇద్దరినీ దండించాడు. వస్త్రాల సేవకుడు తన పని చేయలేదు, కిరీటపు సేవకుడు తన పని దాటాడు. చలి హానికరమే గాని, ఒకరి అధికారంలోకి మరొకరు చొరబడడం అంతకంటే హానికరమన్నది దీని తాత్పర్యం. ఈ కథ నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది, ఆ సేవకుడి చేతిలో ఉన్నది దయ. హాన్ ఫెయ్ ఆ దయను చూడలేదని నేను అనుకోను. చూసే, దానిని లెక్కలోకి తీసుకోకూడదని నిర్ణయించుకున్నాడు, ఎందుకంటే రేపు మరొక సేవకుడు ఇదే దయను సాకుగా పెట్టుకొని రాజు గదిలోకి వస్తాడు.

రాజు గురించి కూడా ఆయనకు గొప్ప భ్రమలు లేవు. యావ్, షున్ వంటి మహాత్ములూ, జియె, జోవ్ వంటి దుర్మార్గులూ వేయి తరాలకొకరు పుడతారు, సింహాసనం మీద కూర్చునేది ఎక్కువగా మధ్యరకం వాడు. అటువంటివాడు కూడా చట్టం పట్టుకొని, తన స్థానబలం వదలకుండా ఉంటే రాజ్యం నడిచేటట్లు చూడాలి. మహాత్ముడి కోసం కాచుకొని ఉండడం, ఇక్కడ మునిగిపోతున్నవాడిని కాపాడడానికి సముద్రతీరపు యుయె దేశం నుంచి గజ ఈతగాడు రావాలని ఎదురుచూడడం వంటిదట. ఈ వాదంలో ఉన్న బలం ఏ కాలంలోనైనా బలమే.

బలహీనత కూడా ఇక్కడే ఉంది. అందరికీ కొలబద్ద పెట్టిన ఈ సిద్ధాంతం రాజుకు పెట్టలేదు. కంచే చేను మేస్తే ఏమిటన్న ప్రశ్నకు హాన్ ఫెయ్ దగ్గర ఉన్న జవాబు ఒక్కటే, రాజు తన ఇష్టాయిష్టాలు బయటపెట్టకుండా, చట్టాన్ని దాటకుండా ఉండాలన్న సలహా. మనుషులు సలహాలకు వంగరనీ, లాభనష్టాలకే వంగుతారనీ 55 అధ్యాయాల్లో చెప్పినవాడు, రాజు దగ్గరకు వచ్చేసరికి సలహాతో సరిపెట్టుకున్నాడు. ఆయన చావు కూడా ఈ లోటు చూపిస్తుంది. క్రీ.పూ. 233లో చిన్ రాజ్యానికి దూతగా వెళ్లి, మాటలు నూరిపోసినవారి వల్ల ఖైదయి, లీ స్సు పంపిన విషం తాగి చనిపోయాడు. చిన్ రాజు తరువాత పశ్చాత్తాపపడి క్షమాపణ పంపేటప్పటికి ఆలస్యమైందని సిమా చియెన్ రాశాడు.

ఇప్పుడు శిక్షల సంగతి. ఆలోచనలో హాన్ ఫెయ్ పెద్దవాడు గాని, ఆచరణలో పెట్టినవాడు ఆయనకు వంద ఏళ్ల ముందటి షాంగ్ యాంగ్. వెయ్ రాజ్యం నుంచి చిన్‌కు వచ్చి, అక్కడి పాలకుడు షియావ్ ప్రభువు అండతో క్రీ.పూ. 356లో, మళ్లీ క్రీ.పూ. 350లో సంస్కరణలు తెచ్చాడు. కొత్త చట్టం ప్రకటించే ముందు ఆయన చేసిన పని ప్రసిద్ధం. రాజధాని సంత దక్షిణ ద్వారం దగ్గర ఒక దూలం పాతించి, దానిని ఉత్తర ద్వారానికి మోసుకెళ్లినవాడికి 10 కొలతల బంగారం ఇస్తామన్నాడు. ఎవరూ నమ్మలేదు. 50 అన్నాడు. ఒకడు మోశాడు, వెంటనే 50 ఇచ్చాడు. ఆయన ముందు స్థాపించింది భయం కాదు, ప్రభుత్వం మాట తప్పదన్న నమ్మకం. యువరాజు తప్పు చేసినప్పుడు ఆయన గురువులను శిక్షించడం కూడా ఆ వరుసలోనిదే. కాబోయే రాజును తాకలేక గురువులతో సరిపెట్టడంలోనే పైన చెప్పిన లోటు కనిపిస్తుంది.

దీని చీకటి కోణం చీకటిదే. ఐదేసి, పదేసి కుటుంబాలను గుంపులుగా కట్టి ఒకరి తప్పుకు మరొకరిని బాధ్యులను చేశారు. నేరం తెలిసీ చెప్పనివాడిని నడుము దగ్గర రెండుగా నరికారు, చెప్పినవాడికి శత్రువు తల తెచ్చినవాడితో సమానంగా బహుమతి ఇచ్చారు. చిన్న తప్పుకు పెద్ద శిక్ష వేస్తే పెద్ద తప్పులు జరగనే జరగవు, అప్పుడు శిక్షే అవసరం ఉండదు అన్నది వారి సమర్థన. లాభనష్టాల లెక్క వేసుకునే మనిషి ఎదురుగా ఉన్నాడన్న ఊహ నుంచి వచ్చిన ముగింపు ఇది. దుర్మార్గుడిని చూసి కోపంతో వేసిన శిక్షలు కావు, ధర ఎక్కువ పెడితే సరుకు ఎవరూ కొనరన్న లెక్కతో వేసినవి. అందుకే నాకు ఇవి మరింత భయంకరంగా అనిపిస్తాయి. పదేళ్ల తరువాత, మొదట్లో చట్టాన్ని తిట్టిన కొందరు వచ్చి మెచ్చుకుంటే, షాంగ్ యాంగ్ వారిని కూడా సరిహద్దులకు తరిమాడు. తిట్టడం మాత్రమే కాదు, చట్టం గురించి మాట్లాడడమే నేరమైంది. క్రీ.పూ. 338లో షియావ్ ప్రభువు పోగానే, పాత పగలున్న యువరాజు గద్దెనెక్కాడు. పారిపోతున్న షాంగ్ యాంగ్ ఒక సత్రంలో తలదాచుకోబోతే, గుర్తింపు లేని బాటసారిని ఉంచితే శిక్ష పడుతుందని, అది షాంగ్ ప్రభువు (అంటే షాంగ్ యాంగే) పెట్టిన చట్టమని సత్రంవాడు తలుపు వేశాడట. చివరకు ఆయన శరీరాన్ని రథాలకు కట్టి చీల్చారు.

ఇంతవరకు చెప్పింది గ్రంథాల మాట. 1975లో హుబెయ్ రాష్ట్రం యున్‌మెంగ్ దగ్గర షుయ్‌హుదీ అన్నచోట 11వ సమాధి తెరిచినప్పుడు, చిన్ చట్టం చేతికి వచ్చింది. క్రీ.పూ. 262లో పుట్టి క్రీ.పూ. 217లో చనిపోయిన షీ అనే స్థానిక అధికారి అస్థిపంజరం చుట్టూ 1,100కు పైగా వెదురు పలకలు దొరికాయి, ఎక్కువభాగం ఆయన ఉద్యోగంలో వాడిన చట్టాలే. వాన పడితే ఎంత చేను తడిసిందో లిఖితపూర్వకంగా తెలపాలి. వసంతం రెండో నెలలో అడవిలో కలప కొట్టకూడదు. ఏడాదికి నాలుగుసార్లు ప్రభుత్వ ఎద్దులను పరీక్షిస్తారు. ఎద్దులు అన్నిటికంటే బాగున్నచోటి వ్యవసాయాధికారికి ఒక కూజా సారా, ఒక కట్ట ఎండుమాంసం బహుమతి. అన్నిటికంటే అధ్వానంగా ఉంటే ఆయనకు మందలింపు. దున్నకానికి వాడిన ఎద్దు నడుము కొలత తగ్గితే, తగ్గిన అంగుళానికి పది దెబ్బల చొప్పున బాధ్యుడికి పడతాయి. ఒకసారి ఈ పాఠం వినడానికి, పశువైద్యశాలలో పనిచేస్తూ దూరవిద్యలో పీజీ చదువుతున్న ఒకాయన వచ్చారు. అందరూ దెబ్బల గురించి మాట్లాడుతుంటే ఆయన మాత్రం, "ఎద్దు నడుము కొలిచేది మేపేవాడా, వేరేవాడా?" అని అడిగారు. హాన్ ఫెయ్ జీవితమంతా వేసుకున్న ప్రశ్న అదే.

ఆ పలకల్లోనే, ఎవరివో మల్బరీ ఆకులు ఒక నాణెం విలువ కూడా లేనంత దొంగిలించినవాడికి 30 రోజుల వెట్టిచాకిరీ ఉంది. విచారణ చేసే అధికారికి సూచన కూడా ఉంది: వాంగ్మూలాన్ని రాసుకొని, దాని జాడ పట్టుకొని, కొట్టకుండా నిజం రాబట్టడం ఉత్తమం, కొట్టి రాబట్టడం అధమం, భయపెడితే పని చెడుతుంది. కాఠిన్యమూ ఈ జాగ్రత్తా ఒకే సమాధిలో ఉన్నాయి. ఒకదానిని చూపి రెండోదాన్ని దాచకూడదని విద్యార్థులకు చెబుతుంటాను.

దగ్గరలోని 4వ సమాధిలో రెండు చెక్క పలకల మీద, చిన్ సైన్యంలో ఉన్న హెయ్‌ఫు, జింగ్ అనే అన్నదమ్ములు సుమారు క్రీ.పూ. 223లో ఇంటికి రాసిన ఉత్తరాలు దొరికాయి. అక్కడ గుడ్డ చవకగా ఉంటే అమ్మ బట్టలు కుట్టి పంపాలి, ప్రియమైతే డబ్బు పంపితే ఇక్కడే కొనుక్కుంటామని హెయ్‌ఫు రాశాడు. ఎవరి దగ్గరో వాడుకున్న డబ్బు తీర్చాలి, ఇంటి నుంచి రాకపోతే చచ్చిపోతాను, త్వరగా త్వరగా త్వరగా అని జింగ్ రాశాడు. వీటి మధ్యలో ఒక ప్రశ్న ఉంది: ఇంటికి రావలసిన బిరుదు వచ్చిందా లేదా తెలపండి. యుద్ధంలో చూపిన ప్రతాపాన్ని బట్టి సామాన్యుడికి కూడా బిరుదు ఇచ్చే పద్ధతి షాంగ్ యాంగ్ పెట్టినది. సిద్ధాంతకర్తలు ఊహించిన లాభం కోరే మనిషి ఇతనే. అతని లాభంలో అమ్మ కుట్టిన చొక్కా, కొత్తగా పెళ్లయిన భార్య క్షేమం కూడా ఉన్నాయి.

ఇక చిన్ పతనం. క్రీ.పూ. 209లో చెన్ షెంగ్ అనేవాడితో సరిహద్దుకు వెళ్తున్న 900 మంది వానకు దారి తెగి ఆలస్యమయ్యారనీ, ఆలస్యానికి మరణశిక్ష కాబట్టి ఎలాగూ చావే అని తిరగబడ్డారనీ సిమా చియెన్ కథనం. షుయ్‌హుదీ చట్టంలో వెట్టి పనికి ఆలస్యంగా వస్తే 3 నుంచి 5 రోజులకు మందలింపు, 6 నుంచి 10 రోజులకు ఒక డాలు ఖరీదు, అంతకు మించితే ఒక కవచం ఖరీదు జుల్మానా, వాన వస్తే మినహాయింపు. ఇది వెట్టికి సంబంధించిన నియమం, సైనిక విధికి వేరే నియమం ఉండి ఉండవచ్చు, కాబట్టి కథ అబద్ధమని దీనితో తేల్చలేం. అయితే 'చిన్ చట్టమంటే చావే' అన్న మాట మాత్రం నిలబడదు. నా అంచనాలో, ఆరు రాజ్యాలను జయించిన తరువాత కూడా యుద్ధకాలపు వెట్టి, రవాణా, నిర్మాణాల భారం తగ్గకపోవడం మొదటి కారణం. క్రీ.పూ. 210లో మొదటి చక్రవర్తి చనిపోయినప్పుడు ఆస్థానాధికారి జావ్ గావ్, మంత్రి లీ స్సు కలిసి వారసత్వపు ఆజ్ఞను మార్చడం రెండోది. క్రీ.పూ. 208లో అదే జావ్ గావ్ చేతిలో లీ స్సు నడుము నరికించుకున్నాడు. మరుసటి ఏడాది జావ్ గావ్ సభలోకి జింకను తెచ్చి గుర్రమన్నాడు, సభికుల్లో కొందరు నోరు మెదపలేదు, కొందరు గుర్రమే అన్నారు. కుక్కకు పులి కోరలు అరువిచ్చిన కథ అక్షరాలా జరిగింది. చిన్ సామ్రాజ్యం చట్టవాదాన్ని అమలు చేసినందువల్లనే కూలిందనేవారు, హాన్ ఫెయ్ ముందే రాసిపెట్టిన ఈ ప్రమాదాన్ని గమనించాలి.

తరువాతి హాన్ వంశం చిన్‌ను తిడుతూనే దాని చట్టంలో ఎక్కువభాగం ఉంచుకుంది. క్రీ.పూ. 186 నాటి హాన్ చట్టాలు జాంగ్‌జియాషాన్ సమాధిలో దొరికాయి, అవి చిన్ చట్టాలకు ఎంత దగ్గరో పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. అవయవాలు నరికే శిక్షలను వెన్ చక్రవర్తి క్రీ.పూ. 167లో తీసేశాడు. చట్టవాదులకు చైనా భాషలో ఉన్న 'ఫాజియా' అన్న పేరు కూడా హాన్ కాలంలో సిమా చియెన్ తండ్రి సిమా తాన్ పెట్టిన వర్గీకరణే, తామంతా ఒకే బడివారమని షాంగ్ యాంగ్, షెన్ దావ్, హాన్ ఫెయ్ అనుకోలేదు.

కౌటిల్యుడి విషయానికి వస్తే, అధికారుల మీద అనుమానంలో ఆయన హాన్ ఫెయ్‌కు అచ్చంగా తోబుట్టువు. నీటిలో తిరిగే చేప నీళ్లు తాగుతోందో లేదో ఎలా తెలియదో, పనిలో ఉన్న అధికారి సొమ్ము తింటున్నాడో లేదో అలాగే తెలియదన్నాడు. సొమ్ము కాజేసే మార్గాలు 40 అని లెక్క చెప్పాడు. శిక్ష దగ్గర మాత్రం ఇద్దరూ విడిపోతారు. తీవ్రంగా దండించే రాజును చూసి ప్రాణులు జడుస్తాయి, మెత్తగా దండించేవాడిని లెక్కచేయవు, తగినట్టు దండించేవాడినే గౌరవిస్తాయి అని కౌటిల్యుడు స్పష్టంగా చెప్పాడు. చిన్న తప్పుకు పెద్ద శిక్ష అన్న షాంగ్ యాంగ్ సూత్రానికి ఇది సూటిగా ఎదురు. పైగా కౌటిల్యుడి రాజు వేదం, వర్ణాశ్రమ ధర్మం ఉన్న లోకంలో పాలిస్తాడు, ధర్మమనేది అతను తయారు చేసింది కాదు. దండం లేకపోతే పెద్ద చేప చిన్న చేపను మింగే మాత్స్యన్యాయమే అన్నంతవరకు పోలిక కుదురుతుంది, అక్కడి నుంచి దారులు వేరు.

మూలం చదవాలనుకుంటే హాన్ ఫెయ్ గ్రంథాన్ని మొదటి అధ్యాయం నుంచి మొదలుపెట్టకండి. 49వ అధ్యాయం ముందు చదివి, తరువాత 7, 17, 40, 50 అధ్యాయాలు చూడండి. నేను పైన చెప్పిన కరువు ఏడాది, రెండు పిడులు, శవపేటిక, మధ్యరకం రాజు, వెదురు బాణం ఆ వరుసలో ఎదురవుతాయి. షాంగ్ ప్రభువు గ్రంథాన్ని చదివేటప్పుడు, అందులో అన్ని అధ్యాయాలూ ఆయన రాసినవి కావని, కొన్ని ఆయన చనిపోయిన చాలా ఏళ్లకు చేరినవని గుర్తుంచుకోండి. మీ గైడులో ఉన్న వాక్యం ఏ అధ్యాయానిదని చెప్పారో కింద రాస్తే, ఆ అధ్యాయం తీసి చూసి మళ్లీ జవాబిస్తాను.